వరద రోజుల్లో ఇన్సులిన్

నా పదవీ విరమణ రోజున ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చుట్టుముట్టి, "ఇన్నేళ్ళ ఉద్యోగంలో మీకు బాగా గుర్తుండిపోయిన పని ఏదండీ?" అని అడిగారు. లాక్‌డౌన్ నాటి సంగతులో, తుపాను శిబిరాల కథలో చెబుతాననుకున్నట్టున్నారు. దండలూ ఫోటోలూ అవుతున్న ఆ హడావిడిలో నేనేదో నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. అందుకని ఇప్పుడు ఆ పిల్లల కోసమే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మాది అమలాపురంలో చిన్న ధర్మ సంస్థ. ఒక కొబ్బరి వర్తకుడి గోడౌను మీద రెండు గదులు. కింద నుంచి ఎండు కొబ్బరి వాసన మెట్లెక్కి మా కాగితాల్లోకి కూడా వచ్చేది. పేదింటి పిల్లలకు ఏళ్ళ తరబడి మందు కావలసిన జబ్బేదైనా వస్తే ఆ మందు ఇప్పించడం, జబ్బు పేరు చెప్పి వాళ్ళ చదువు మాన్పించకుండా చూడడం మా పని. మామూలు రోజుల్లో ఇందులో పెద్ద కష్టమేమీ లేదు. కష్టమంతా వరదల్లోనే. వరదొస్తే ఊరందరికీ బియ్యం అందుతాయి, పాల ప్యాకెట్లు అందుతాయి, కొవ్వొత్తులు అందుతాయి. ఊరంతటిలో ఒక్క పిల్లకే కావలసిన మందు సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. "అది తట్టడానికే మనం ఉన్నాం" అనేవారు మా పెద్దాయన. సంస్థ పెట్టింది ఆయనే. వరి మిల్లు కొడుకులకు అప్పగించేసి, ఉన్న ఓపికంతా ఈ రెండు గదుల్లో పెట్టారు.

నేను చెప్పబోయే పిల్ల రాజోలు అవతల, గోదారి పాయల మధ్య ఒక లంకలో ఉండేది. తండ్రి విశాఖ హార్బరులో బోట్ల మీద పనికి పోయేవాడు. తల్లి రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. పిల్ల ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు ప్రార్థన సమయంలో బడిలో కూలిపోయింది. గాలి సోకిందన్నారు, పసరు తాగించారు. చివరికి కాకినాడ తీసుకెళ్తే అక్కడి డాక్టరు, ఇది చక్కెర జబ్బు, బతికున్నంత కాలం రోజూ ఇంజక్షన్లు చేసుకోవాలి అని చెప్పారట.

ఆ తల్లి మొదటిసారి మా మెట్లెక్కి వచ్చినప్పుడు నన్నడిగిన మాట నాకింకా చెవిలో ఉంది. "ముసలోళ్ళకొచ్చే జబ్బు కదండీ ఇది. మా పిల్ల ఇంకా పెద్దమనిషైనా అవలేదండి. దానికెందుకొచ్చిందండీ?"

పిల్లలకు వచ్చే చక్కెర జబ్బు వేరని, ఒంట్లో తయారవాల్సిన ఇన్సులిన్ తయారవకపోవడం వల్ల వస్తుందని, ఎవరి తప్పూ లేదని చెప్పాను. సగం అర్థమైంది, సగం కాలేదు. "ఇంజక్షన్ నేర్చుకుంటానండి" అంది చివరికి. "రొయ్య తల తీసే చెయ్యండి, వణకదు." నేర్చుకుంది కూడా. ఆర్నెల్లు తిరక్కుండానే పిల్ల తనే పొడుచుకోవడం మొదలుపెట్టింది.

చిక్కు బడి దగ్గర వచ్చింది. హైస్కూలు ఏటికి ఇవతలి గట్టున ఉంది. లంక పిల్లలంతా రోజూ పడవలో దాటి వచ్చేవారు. మధ్యాహ్నం ఇంజక్షను బడిలోనే చేసుకోవాలి. హెచ్చెమ్ గారు మంచావిడే. కానీ పిల్ల తన కళ్ళముందే కూలిపోవడం చూసిన మనిషి. "మళ్ళీ అలా జరిగితే నేనెవరికి సమాధానం చెప్పాలండీ?" అనేవారు. ఎంతో నచ్చజెబితే ఒప్పుకున్నారు గానీ, పిల్లను పిలిచి, "ఇంకోసారి జబ్బు పడ్డావంటే టీసీ ఇచ్చి పంపించేస్తాను, ఇంటి దగ్గర చదువుకుందువు గాని" అన్నారట. బెదిరించాలని కాదు, భయపడి అన్న మాట అది. పిల్ల మాత్రం ఆ మాటను మనసులో మేకులా దిగేసుకుంది.

ఆ మరుసటి ఏడే పెద్ద వరద వచ్చింది.

కోనసీమ వాళ్ళకు వరద కొత్తేమీ కాదు. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేశారంటే మాకు రెండో రోజుకల్లా లంకల్లోకి నీళ్ళొస్తాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ పిల్ల ఇంట్లో సరిపడా మందు ముందుగానే ఉంచాం. తల్లి దాన్ని తడి ఇసుకలో పెట్టిన కుండలో దాచింది. అయితే ఆ ఏడు నీళ్ళు అందరూ అనుకున్నదానికన్నా ముందే, తెల్లారేసరికే ఇళ్ళలోకి వచ్చేశాయి. తల్లీకూతుళ్ళు కట్టుబట్టలతో తుపాను షెల్టరు మేడ మీదికి ఎక్కారు. కుండ ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న ఎవరిదో ఫోను తీసుకుని తల్లి నాకు చేసింది. "మేడం గారండీ, మందు గోదాట్లో కొట్టుకుపోయిందండి. నిన్న పొద్దుటి నించీ ఇంజక్షను లేదండి. పిల్ల ఒకటే దాహం అంటందండి. ఇప్పుడే వాంతి చేసుకుంది." ఇంకేదో చెబుతుండగానే ఫోను ఆగిపోయింది.

అధికారుల పడవలన్నీ పైన మునిగిన లంకల దగ్గరున్నాయి. ఇటు రేపు వస్తాయన్నారు. వాళ్ళనీ తప్పు పట్టలేం, అక్కడ ఇళ్ళ కప్పుల మీద జనం ఉన్నారు. లంక పిల్లల్ని రోజూ బడికి దాటించే ముసలి పడవాయన ఇవతలి గట్టున చిక్కుపడిపోయాడని, ఆయన కుటుంబమంతా లంకలోనే ఉందని, ఎలాగైనా మధ్యాహ్నం లోపు దాటాలని చూస్తున్నాడని తెలిసింది. ఆయన చేతికి మందిస్తే తీసుకెళ్ళి ఇస్తాడు. అదీ మా ఏర్పాటు.

మా సంస్థకు ఒక పాత జీపు, దానికొక డ్రైవరు ఉండేవారు. మా దగ్గరికి రాకముందు అతను ఉప్పలగుప్తం వైపు చెరువుల నుంచి రొయ్యల లోడు తోలేవాడు. పని అంటే ప్రాణం. ఒకటి చెబితే రెండు చేసే మనిషి. మందు కొని, చల్లగా ఉంచి, రేవుకు తీసుకురమ్మని చెప్పి నేను ముందుగా బస్సులో రేవు చేరాను. గట్టు మీద పశువులు, మంచాలు, గ్యాసు బండలు, వాటి మధ్య మనుషులు. నీళ్ళు ఎర్రగా, వేగంగా పోతున్నాయి. అరటి గెలలు, కొబ్బరి దుంగలు, ఎవరిదో పశువుల పాక కప్పు అలాగే తేలిపోతున్నాయి.

జీపు వచ్చింది. డ్రైవరు థర్మాకోల్ పెట్టె ఎత్తుకుని పరుగున వచ్చాడు. "గడ్డ కట్టించేసేనండి మేడం గారూ. సాయంత్రం దాకా చెక్కు చెదరదండి" అన్నాడు గర్వంగా.  మూత తీసి చూస్తే పెట్టె నిండా ఐసు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మంచు, దాని మీద ఉప్పు. మధ్యలో మందు సీసాలు. సీసాల్లో మందు తెల్లగా గట్టిపడి ఉంది.

ఇన్సులిన్ చల్లగా ఉండాలి. గడ్డ మాత్రం కట్టకూడదు. ఒకసారి గడ్డ కట్టిందంటే తరవాత కరిగినా దానిలో గుణం ఉండదు. పైకి చూస్తే తేడా కనిపించదు, అదే ప్రమాదం.

అతనికి అది చెప్పాను. మొహం పాలిపోయింది. "కరిగితే మామూలుగానే ఉంటది కదండీ?"

"ఉన్నట్టే ఉంటుంది బాబూ. పని చెయ్యదు."

"రొయ్యలకి ఎలా పెడతామో అలాగే పెట్టేనండి" అన్నాడు. 

పడవాయన రేవులో ఇంజను తిప్పి చూసుకుంటున్నాడు. "అమ్మగారూ, మందు తెచ్చేరాండీ? నీరు పెరుగుతంది, నేను వెళ్ళిపోవాలండి" అని కేకేశాడు.

అక్కడ ఒక్క క్షణం నాకొక దారి కనబడింది. అది చాలా తేలికైన దారి. ఆ సీసాలు అరచేతుల్లో కరిగించి ఆయనకిచ్చి పంపేస్తే, మందు అందిందని అందరూ అనుకుంటారు. తల్లి ఇంజక్షను చేస్తుంది. ధైర్యంగా ఉంటుంది. పిల్లకు ఏమైనా అయితే జబ్బు వల్ల అయిందంటారు. పెట్టె మూత వేసేశాను. పిల్ల వాంతులు చేసుకుంటోందంటే ఇప్పుడు మంచి మందు వెళ్ళినా చాలదు, ఆసుపత్రిలో సెలైను ఎక్కాలి. మందు లంకకు వెళ్ళడం కాదు, పిల్లే ఇవతలికి రావాలి.

పెద్దాయనకు ఫోను చేసి రెండు ముక్కల్లో చెప్పాను.  "నువ్వు గట్టు మీద ఉన్నావు. నేను కుర్చీలో ఉన్నాను. నేను చెప్పడం కాదమ్మా, నువ్వే చెప్పు ఏం చేద్దామో" అన్నారు.

"నేను వెళ్ళి పిల్లను తీసుకొస్తానండి."

"సరే. అంబులెన్సు సంగతి నాకొదిలెయ్. రేవులో సిద్ధంగా ఉంటుంది."

మేం తిరిగొచ్చేసరికి మంచి మందు చేతిలో ఉండాలని డ్రైవరును రాజోలు మందుల షాపుకు పంపాను. "మంచు తగలకూడదు. తడి గుడ్డలో చుట్టి స్టీలు క్యాన్‌లో పెట్టు, చాలు" అన్నాను. "ఆయ్" అని అతను జీపు ఎక్కేలోపు రెండుసార్లు ఆ మాట తనలో తను అనుకోవడం విన్నాను.

పడవాయనతో అసలు చిక్కు. "బాబాయ్ గారూ, నన్నూ ఎక్కించుకోండి. పిల్లను తీసుకుని మళ్ళీ ఇవతలికి రావాలి" అన్నాను.

ఆయన ఇంజను ఆపి నా వైపు చూశాడు. "వెళ్తానన్నానండి. తిరిగొస్తానన్లేదు. ఈ నీటికి దిగువకి కోసుకుంటా పోవడం ఒకెత్తు. ఎదురు రావడం ఇంకోటండి. నా ఇంట్లో వాళ్ళు ఆ మేడ మీదే ఉన్నారు. ఒకసారి అక్కడ దిగితే మళ్ళీ రానిస్తారాండీ?"

ఆయన అన్నది న్యాయమే. నేను బతిమాలలేదు. పిల్లకు ఏమవుతోందో ఉన్నదున్నట్టు చెప్పాను. రేపటి దాకా ఆగితే ఏమవొచ్చో కూడా చెప్పాను. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఏటి వైపు చూస్తూ, "ఆ పిల్ల రోజూ నా పడవలో ముందు కూచుంటాదండి. ఇంకో పిల్లని కూచోనివ్వదు. ఆ చోటు ఖాళీగా ఉంటే నేను చూళ్ళేనండి" అన్నాడు. ఉన్న ఒక్క లైఫ్ జాకెట్టు నా చేతికిచ్చాడు. "ఎక్కండి. మధ్యలో లేవద్దు. భయమేస్తే కళ్ళు మూసుకోండి, నన్ను మాత్రం పిలవకండి."

పోయేటప్పుడు నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. దాచుకోవాల్సిన పనేముంది.

షెల్టరు మేడ మీద లంకంతా ఉంది. పిల్ల ఒక మూల చాప మీద పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. రొప్పుతున్నట్టు పెద్దపెద్దగా ఊపిరి తీస్తోంది. దగ్గరికి వంగితే నోటి నుంచి బాగా మాగిన పండు వాసన. అది చెడ్డ గుర్తు. పక్కన కొబ్బరి బొండాలు పడి ఉన్నాయి. "నీరసంగా ఉందని తలో కాస్త పట్టేమండి" అన్నారు ఆడవాళ్ళు. ఆ నీళ్ళలోనూ చక్కెరే. ప్రేమగానే పట్టారు, ఏమనగలం?

పిల్లను తీసుకెళ్తానంటే మేడంతా ఒక్కసారిగా మాట్లాడింది. రేపు సర్కారు పడవ వస్తుందని కొందరు, ఈ నీళ్ళలో నలుగురూ పోతారని కొందరు. లంక పెద్ద ఒకాయన పడవాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశాడు.  తల్లి నా దగ్గరికొచ్చి, "మీ పిల్లయితే తీసుకెళ్తారాండీ?" అంది.

"తీసుకెళ్తానమ్మా."

"ఇప్పుడేనాండీ?"

"ఇప్పుడే."

ఆమె వెనక్కి తిరిగి పిల్లను భుజానేసుకుంది. మెట్లు దిగుతూ, ఆ చెయ్యి పట్టుకున్న లంక పెద్దతో, "వదిలెయ్యండి మావయ్య గారూ. ఇక్కడుంటే పిల్ల ఎలాగూ పోతాదండి, వెళ్తే దక్కుతాదేమో" అంది. ఆయన వదిలేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను కళ్ళు మూసుకోలేకపోయాను. పిల్ల తల నా ఒళ్ళో ఉంది. పడవాయన తిన్నగా దాటించే ప్రయత్నమే చెయ్యలేదు. గట్టు చెట్ల వారగా చాలా దూరం పైకి తీసుకుపోయి, అక్కడి నుంచి ఏటికి అడ్డంగా వదిలాడు. మధ్యకొచ్చేసరికి ఒక కొబ్బరి దుంగ సూటిగా మా మీదికొచ్చింది. తల్లి గెడ తీసి దాన్ని పక్కకు నెట్టింది. నెట్టి మళ్ళీ కూర్చుని పిల్ల కాళ్ళు పట్టుకుంది. అంతే. 

అప్పుడు పిల్ల కళ్ళు తెరిచింది. ఏదో గొణిగితే చెవి దగ్గర పెట్టాను. "బడిలో చెప్పకండి మేడం" అంది. "టీసీ ఇచ్చేస్తారు."

నా ఉద్యోగంలో నేను ఏడ్చిన సందర్భాలు తక్కువ. అది ఒకటి.

రేవులో అంబులెన్సు ఉంది. దాని పక్కనే జీపు, జీపు ముందు స్టీలు క్యాను రెండు చేతులా పట్టుకుని మా డ్రైవరు. ఆసుపత్రిలో మందు ఉంటుందని అతనికీ తెలుసు. అయినా క్యాను వదలకుండా అంబులెన్సు వెనకే రాజోలు దాకా వచ్చాడు. అక్కడి డాక్టరమ్మ పిల్లను చూసి, సెలైను పెట్టి, "ఇంకో పూట ఆలస్యమైతే నా చేతిలో ఉండేది కాదండీ" అంది. సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. మూడో రోజుకు పిల్ల ఇడ్లీ అడిగింది.

మా డ్రైవరు పనికి రాలేనని పెద్దాయనకు చెప్పించాడు. పెద్దాయన అతని ఇంటికే వెళ్ళారు. "రొయ్యల గురించి నీకు తెలుసు, మందు గురించి మేం చెప్పలేదు. రేపటి నించీ మందు రవాణా అంతా నీదే. కొత్తగా వచ్చినవాళ్ళకి నేర్పేది కూడా నువ్వే" అన్నారట. అంతకంటే పెద్ద శిక్ష, పెద్ద గౌరవం ఇంకోటి లేదు. మా దగ్గర ఆ తరవాత ఒక్క సీసా కూడా పాడవలేదు. ఇప్పుడు మీకందరికీ మందు సర్దడం నేర్పిన ఆ చిరాకు మనిషి అతనే. ఎందుకంత చిరాకో ఇప్పటికి తెలిసిందనుకుంటాను.

నీళ్ళు తీశాక బడి తెరిచారు. పిల్ల చెప్పొద్దంది గానీ, లంకంతా చూసిన సంగతి బడికి తెలియకుండా ఎలా ఉంటుంది? హెచ్చెమ్ గారు కబురు పెట్టారు. తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ వరదలో ఆవిడా వారం రోజులు బడిలోనే ఉండి శిబిరానికి వంటలు చేయించారు, గొంతు బొంగురుపోయి ఉంది. "నా మీద కోపం పెట్టుకోకండి. నేనీ బాధ్యత మొయ్యలేనండీ" అన్నారు.

నేను వాదనకు సిద్ధపడి వెళ్ళాను. వాదించే అవకాశం నాకు రాలేదు. మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్ల సంచీలోంచి సిరంజి తీసి, ఆవిడ బల్ల ముందే నిలబడి, మందు ఎక్కించి, పొట్ట మీద పొడుచుకుని, దూది అద్దుకుంది. తరవాత చేతులు కట్టుకుని, "నేను పడిపోతానని కదండీ మీ భయం. మందు ఎక్కువై చేతులు వణికితే నేనే చెప్తానండి, పంచదార తింటాను. దాహం, వాంతులు వస్తే ఆసుపత్రికి పంపించండి. ఇంకేమీ చెయ్యక్కర్లేదండి. మిమ్మల్ని మొయ్యమనడం లేదండి, నేనే మోసుకుంటాను. నన్ను కూచోనివ్వండి చాలు" అంది.

 హెచ్చెమ్ గారు లేచి వచ్చి, దాని భుజం మీద చెయ్యి వేసి, "ఈ మాటలే రేపు స్టాఫ్‌రూములో టీచర్లందరికీ చెప్పాలి. చెప్తావా?" అన్నారు.

"ఆయ్" అంది పిల్ల.

మర్నాడు చెప్పిందట. లెక్కల మాస్టారు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారట. ఆ పిల్ల పదో తరగతి అక్కడే పూర్తి చేసింది. టీసీ అందుకునే రోజున హెచ్చెమ్ గారే ఫోను చేసి నన్ను పిలిచారు, పక్కన నిలబడమని.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. వరదలో మందు పంపడం మానేశాం. హెచ్చరిక రాగానే పిల్లల్నే ఇవతలికి దాటించి, బంధువుల ఇళ్ళలోనో మా ఏర్పాట్లలోనో ఉంచడం మొదలుపెట్టాం. మొదట్లో జనం నవ్వారు, తరవాత వాళ్ళే ముందు సర్దుకునేవారు. కొత్తవాళ్ళకు నేను చెప్పేదల్లా ఒకటే. చేసినట్టు కనపడే పని ఒకటుంటుంది, చెయ్యాల్సిన పని ఒకటుంటుంది. చాలా రోజులు రెండూ ఒకటే. ఒక్కోరోజు మాత్రం కావు. ఆ రోజు కోసమే మీకు జీతమిస్తున్నారు.

నా ఉద్యోగంలో చివరి వర్షాకాలం వచ్చింది. మళ్ళీ గోదారి పెరుగుతోందని టీవీలో చెబుతున్నారు. పొద్దున్నే జీపు బయటికి తీయించి, లంక వైపు బయల్దేరబోతుండగా ఫోను మోగింది. ఆ పిల్లే. అప్పటికి నర్సింగు చదువుతోంది, సెలవులకు ఇంటికొచ్చింది.

"మేడం గారండీ, బయల్దేరేరా?"

"ఇదిగో, ఎక్కుతున్నానమ్మా. మీ లంకలో ఇంజక్షను పిల్లలు ఇద్దరున్నారు కదా."

"వాళ్ళని తెల్లారగానే దాటించేసేనండి. ఇక్కడ మా అత్తయ్య గారింట్లో ఉన్నారు. మందు కూడా చూసుకున్నానండి, బాగానే ఉంది. పుస్తకాలు కూడా తెచ్చుకోమన్నాను, ఊరికే కూచుంటే అల్లరి చేస్తారని." కాస్త ఆగి, "మీరు ఈ వర్షంలో రాకండి. ఇక్కడ మీకు పనేం లేదండి" అంది.

ఫోను పెట్టేశాను. డ్రైవరు తాళం తిప్పి నా వైపు చూశాడు. "ఎటు పోనివ్వమంటారండీ?"

"ఎటూ వద్దు, ఆపెయ్" అన్నాను. "మనకి పనేం లేదట. పద, టీ తాగుదాం."